జొన్నకో రోజు, బియ్యానికి మిగతా రోజులన్నీ



పోయిన మీటింగులో సంక్రాంతికి కాస్త ముందు "సిరిధాన్యాల దినం" అని ఒకటి పెడదామని మాట వచ్చింది. ఫంక్షన్ హాలు, బ్యానరు, వచ్చిన పెద్దలకు శాలువాలు, ఆపైన కేటరింగ్ వాళ్ళతో కొర్రల బిసిబేళేబాత్, రాగి లడ్డు, సామల పాయసం. ఖర్చు లెక్క సెక్రెటరీగారు గ్రూపులో పెట్టారు, అభిప్రాయాలు రాయమన్నారు. రెండు ముక్కల్లో రాయడం మాకు చేతకాదని మీకందరికీ తెలుసు. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

ముందుగా ఒక మాట. ఇలాంటి రోజులంటే మాకు చులకన లేదు. 2018ని కేంద్ర ప్రభుత్వం జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అంది. ఆ ఏడాదే ఏప్రిల్‌లో గెజెట్టులో వీటి పేరు మార్చింది. అప్పటిదాకా కాగితాల్లో ఇవన్నీ "ముతక ధాన్యాలు". ఇంగ్లీషులో కోర్స్ గ్రెయిన్స్. రైల్వేలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట చూసినప్పుడల్లా మాకు ఎక్కడో గుచ్చుకునేది. మా నాయనమ్మ చేతి తిండిని ముతక అనడానికి వీళ్ళెవరు అని. గెజెట్టు వచ్చాక అవి "పోషక ధాన్యాలు" అయ్యాయి. 2021 మార్చిలో మన దేశం పెట్టిన తీర్మానాన్ని 70కి పైగా దేశాలు బలపరిచాయి, ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. 2022 డిసెంబర్‌లో పార్లమెంటులో ఎంపీలకు చిరుధాన్యాల భోజనం పెట్టారు. 2023 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్‌గారు "శ్రీ అన్న" అన్నారు, మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న చిరుధాన్యాల పరిశోధన సంస్థను శ్రేష్ఠతా కేంద్రంగా చేస్తామన్నారు. ఆ సెప్టెంబర్‌లో జీ20 విందులో దేశాధినేతల పళ్ళేల్లోకి కొర్రలూ సామలూ వెళ్ళాయి. మేము పనిచేసిన శాఖ కూడా వెనకపడలేదు. 2022 నవంబర్‌లోనే రైళ్ళ మెనూలో చిరుధాన్యాల వంటకాలు చేర్చుకోవచ్చని రైల్వే బోర్డు అనుమతి ఇచ్చింది.

ముతక అన్న నోటితోనే శ్రీ అనిపించారంటే అది చిన్న సంగతి కాదు. ఆ రోజు బడ్జెట్ టీవీలో చూస్తూ మేమిద్దరం నవ్వుకున్నాం కూడా. "మా అమ్మ రొట్టెకి శ్రీ తగిలించిన్రు" అంది మా ఇంట్లో.

అయితే ఆ ఏడాది మన ఊళ్ళోనే ఒక ఆఫీసు వాళ్ళు జరిపిన కార్యక్రమానికి మేము వెళ్ళాం. ఏ ఆఫీసో చెప్పము. రంగు రంగుల ధాన్యాలతో ముగ్గు వేశారు, చాలా బాగుంది. ప్రసంగాలు మూడు గంటలు. మొదట కాగితం కప్పులో రాగి జావ ఇచ్చారు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వెజ్ పులావు, తెల్లన్నం, సాంబారు. ముగ్గులో ఉన్న జొన్నలు సాయంత్రం చీపురుతో ఊడ్చేశారు. మా పక్కన కూర్చున్న రైతు ఒకాయన, తలపాగా మనిషి, కన్నడంలో మెల్లగా అడిగాడు: "ఈ రోజు జొన్నది కదా సార్, రొట్టె ఏదీ?" మేమేం చెప్తాం?

ఆ ప్రశ్న మమ్మల్ని మా చిన్నతనానికి తీసుకుపోయింది. కొందరికి తెలుసు, కొత్తవాళ్ళకు తెలియదు. మాది తమిళనాడులో కోవిల్‌పట్టి తట్టు. నల్లరేగడి నేల, అక్కడ కరిసల్ అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మేము ఉద్యోగంలో చేరాక స్టేషన్ బోర్డుల మీద నేర్చుకున్నవే. ఇంట్లో సజ్జలు, జొన్నలు అనేవాళ్ళం, బడిలో అవే కంబు, చోళం. కొర్రలు అక్కడ తినై. వళ్ళి అమ్మవారు తినై చేనుకు కాపలా కాస్తూ పిట్టల్ని తోలుతుంటే మురుగన్ వచ్చి ఆమెను చూశాడన్న కథ తెలియని పిల్లవాడు ఆ బడిలో లేడు. తేనె కలిపిన కొర్రపిండి ఇప్పటికీ మురుగన్‌కు ప్రసాదమే. ఆడి నెలలో మారియమ్మ గుళ్ళలో పెద్ద పెద్ద కడవలతో కూళు కాచి ఊరంతటికీ పోస్తారు. సజ్జపిండో రాగిపిండో పులియబెట్టి కాచిన జావ అది. ఎండలు దిగే కాలం, చేతిలో పైసలు ఆడని కాలం. అమ్మవారి పేరు చెప్పి పేదవాడి కడుపు నింపే ఏర్పాటు అని ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజుల్లో మాకు తెలిసిందల్లా సొంత చెంబు తీసుకుని పరుగెత్తడమే.

మా ఇలాకావాడే కి. రాజనారాయణన్. ఇడైసెవల్ అని కోవిల్‌పట్టి పక్క ఊరు. ఇంట్లో తెలుగు, రాసిందంతా తమిళం. "గోపల్లపురత్తు మక్కళ్" నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన కరిసల్ సీమ మాటలన్నీ ఏరి ఒక నిఘంటువే చేశాడు. 2021లో పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వం లాంఛనాలతో సాగనంపింది. ఎందుకు చెప్తున్నామంటే, మా వాళ్ళు రోజూ మాట్లాడే మాటా రోజూ తినే తిండీ అచ్చులో ఎక్కేంత గొప్పవని మాకు మొదట తెలిసింది ఆయన వల్లే.

మా ఇంట్లో వరి అన్నం దీపావళికి, పొంగలుకు, చుట్టాలొస్తే, జ్వరమొస్తే. మిగతా రోజులన్నీ సజ్జ సంగటి, జొన్నన్నం. దీపావళి ముందు రోజు రాత్రి నూనె వంటల కంటే తెల్లన్నం కోసం ఎదురుచూసి నిద్రపోయేవాళ్ళం కాదు. అంటే అప్పట్లో బియ్యానికి ఒక రోజు ఉండేది. జొన్నకు రోజంటూ లేదు, అన్నీ దానివే కనుక. ఇప్పుడు చూడండి, జొన్నకు ఒక రోజు వచ్చింది, ఒక సంవత్సరం వచ్చింది, శాలువా కూడా వచ్చింది. (2004ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వరి సంవత్సరం అంది. మనలో ఎవరికైనా గుర్తుందా? పళ్ళెంలో రోజూ ఉన్నదానికి సంవత్సరం పెడితే ఎవరు పట్టించుకుంటారు!)

ఈ మార్పు ఎలా వచ్చిందో మేము కాగితం మీద కాదు, గూడ్స్ షెడ్డులో కళ్ళతో చూశాం. బీదర్‌కు బియ్యం రేకు వచ్చిందంటే 42 వ్యాగన్లు, 50 కిలోల సంచులు, మొత్తం రెండున్నర వేల టన్నుల పైమాట. రాత్రి రెండింటికి రేకు ప్లేస్ అయితే అప్పుడే హమాలీలను లేపాలి. ఫ్రీ టైము దాటితే డెమరేజి, దింపిన సరుకు షెడ్డులో నిలిస్తే వార్ఫేజి. ఆ లెక్కలు వేస్తూనే మా తల నెరిసింది. అన్నేళ్ళలో జొన్నల రేకు అని ఒక్కటి మా రిజిస్టరులో ఎక్కలేదు. జొన్న రైలెక్కే సరుకు కాదు. పండిన ఊళ్ళోనే ఎడ్లబండి వెళ్ళే దూరంలో తినేసేవాళ్ళు.

బియ్యాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఎన్.టి.ఆర్. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తే ఎన్ని ఇళ్ళలో మొదటిసారి రెండు పూటలా పొయ్యి వెలిగిందో అప్పటివాళ్ళకు తెలుసు. 2013లో ఇక్కడ కర్ణాటకలో అన్నభాగ్య వచ్చింది. మా షెడ్డు హమాలీ ఒకతను, జొన్న చేల మధ్య పుట్టినవాడే, అన్నాడు: "సార్, పొద్దంతా బస్తాలు మోసి ఇంటికి పోతే మా ఆడది రొట్టెలు చరిచే ఓపిక ఎక్కడ తెచ్చుకుంటది? అన్నమైతే కుక్కర్ల పడేస్తే అయిపోతది." దానికి జవాబు ఇప్పటికీ ఏ స్టేజీ మీదా వినలేదు మేము. జొన్న రొట్టె అంటే పిండి తడపాలి, వేడినీళ్ళు పోసి పిసకాలి, ఒక్కొక్కటీ అరచేత్తో తట్టాలి, పెనం మీద తడి చెయ్యి పెట్టి తుడవాలి. చేసే మనిషి వేడి మీద నిలబడాలి, తినేవాడు కూర్చుని వేడివేడిగా తింటాడు. రొట్టె గొప్పదనం చెప్పే మగవాళ్ళు, మాతో సహా, ఆ పెనం ముందు ఎంతసేపు నిలబడతారో లెక్క వేసుకుంటే మంచిది.

2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం 3 రూపాయలు, గోధుమ 2, ముతక ధాన్యం 1 రూపాయి అని రాశారు. రాత బాగానే ఉంది. కానీ సర్కారు కొని గోదాముల్లో నింపింది బియ్యం, గోధుమలే ఎక్కువ. జొన్నకు కొనే చెయ్యి లేదు. ఇంకో విచిత్రం, 2023 జనవరి 1 నుంచి ఆ చట్టం కింద ఇచ్చే ధాన్యం పూర్తిగా ఉచితం అయింది. అంటే చిరుధాన్యాల సంవత్సరం మొదటి రోజునే బియ్యం ఉచితమయ్యాయి. పేదవాడికి మంచిదే. కానీ ఆ రోజు జొన్న పండించినవాడు ఏమనుకుని ఉంటాడు?

బయట దేశాల్లోనూ ఇదే వరస. 2013 అంతర్జాతీయ క్వినోవా సంవత్సరం. అడిగింది బొలీవియా. అక్కడి కొండల్లో పేదవాళ్ళ గింజ అది. అమెరికా, యూరపుల్లో మోజు పెరిగి ధర రెండు మూడింతలు అయింది, చూసి మిగతా దేశాలూ వేశాయి, రెండేళ్ళు తిరక్కుండా ధర పడిపోయింది. హవాయి దీవుల్లో మన చేమదుంపను కలో అంటారు. మనిషికి అది అన్నగారని వాళ్ళ పురాణం, అంటే చేమ ముందు పుట్టింది, మనిషి తర్వాత పుట్టాడు. ఉడికించి, దంచి, నీళ్ళు కలిపి పోయి అనే ముద్ద చేస్తారు. ఒకటి రెండు రోజులుంచితే పులుపెక్కుతుంది, అదీ ఇష్టంగా తింటారు, మన అంబలి లాగే. కలోను ఆ రాష్ట్రపు అధికారిక మొక్కగా చట్టం చేశారు, సంప్రదాయ తిండిని గౌరవించే రోజులూ పెట్టుకుంటున్నారు. అయినా అక్కడ హోటల్లో భోజనం అడిగితే పళ్ళెంలో రెండు ముద్దలు తెల్లన్నమే వస్తుంది. చెరుకు తోటల్లోకి పనికి వచ్చిన జపాను, చైనా వాళ్ళతో బియ్యం వచ్చి అలా నిలిచిపోయింది.

అంత దూరం ఎందుకు. మనకు ముప్పై కిలోమీటర్లలో జహీరాబాద్ ఉంది. మా ఇంట్లో వాళ్ళ పుట్టిల్లు ఆ తట్టే. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. అక్కడి సంఘం ఆడవాళ్ళలో చాలామంది దళితులు, ఎకరం రెండెకరాల ఎర్రనేలల వాళ్ళు. వాళ్ళు పాతికేళ్ళుగా ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతారు. ఎడ్లబండ్లను అలంకరించి, బుట్టల్లో రకరకాల విత్తనాలు పెట్టి, దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతారు. దానికి ఏ గెజెట్టూ లేదు. బండి ఊళ్ళోకి రాగానే ఎదురు వెళ్ళి నీళ్ళు పోసి దండం పెడతారు, అరుగు మీద కూర్చుని ఈ ఏడు ఏ గింజ పోయింది, ఏది మిగిలింది అని మాట్లాడుకుంటారు. పచ్చజొన్న, కొర్ర, సామ, ఉలవ, అనుము. మా అత్తమ్మ ఉన్నప్పుడు ఆ బండి మీంచి పిడికెడు పచ్చజొన్నలు కొంగున కట్టుకుని వచ్చి, బూడిదా వేపాకూ కలిపి బుట్టలో పెట్టి పేడతో మూత మెత్తింది. మరుసటి వానాకాలం అవే చల్లింది.

మేము ముఖ్యంగా చెప్పాలనుకున్నది జాతర గురించి కూడా కాదు. 1990ల నడుమ ఆ సంఘాల వాళ్ళు బీళ్ళు సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత ఊళ్ళోనే నిల్వపెట్టి, ఊళ్ళోని పేద ఇళ్ళకే తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. సర్కారు రేషన్ పక్కన సొంత రేషన్ అన్నమాట. అంటే జొన్నకు కొనే చెయ్యి తయారు చేశారు. రేడియో పెట్టారు, జహీరాబాద్‌లో చిరుధాన్యాల హోటల్ పెట్టారు, 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ సంస్థను నడిపించిన పి.వి. సతీశ్‌గారు మైసూరు మనిషి, దూరదర్శన్ ఉద్యోగం వదిలి వచ్చినాయన. 2023 మార్చిలో పోయారు. చిరుధాన్యాల సంవత్సరం అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.

ఇక మన బీదర్. ఇక్కడికి మేము బదిలీ మీద వచ్చిన మొదటి శీతాకాలం, ఒక రోజు పొద్దున్నే స్టేషన్ బయట ఆటో ఒక్కటి లేదు. బజారు సగం మూసి ఉంది. సెలవు జాబితా చూస్తే ఏమీ లేదు. మా పాయింట్స్‌మన్ నవ్వి, "ఎళ్ళ అమాస సార్, ఎవరుంటారు, అందరూ పొలాల్లో ఉంటారు" అన్నాడు. జహీరాబాద్ తట్టు దాన్నే ఎల్లమాస అంటారు. మార్గశిర అమావాస్య. పక్కన లాతూర్ జిల్లాలో ఇదే వేళ అమావాస్య, కలెక్టరుగారు స్థానిక సెలవు ఇస్తారు. అక్కడ కూడా సెలవు తర్వాత వచ్చింది, జనం పొలానికి పోవడం ముందు నుంచీ ఉన్నదే.

ఆ రోజు తిండి చూడాలి. భజ్జి అంటే మన మిరపకాయ బజ్జీ అనుకునేరు, అది కాదు. పచ్చి కందిగింజలు, పచ్చి సెనగలు, బఠానీలు, అనపగింజలు, పల్లీలు, వంకాయ, క్యారెట్, మెంతికూర, పాలకూర, ఉల్లికాడలు, ఆ కాలంలో చేలో దొరికేదంతా వేసి, చింతపండు పులుసుతో, సెనగపిండి కలిపి చిక్కగా ఉడికిస్తారు. నువ్వులద్దిన సజ్జ రొట్టెలు ముందు రోజు రాత్రే తట్టి పెడతారు, చల్లారి కరకరలాడతాయి. కడుబులు, పల్లీల హోళిగె. కొత్త కుండలో జొన్న అంబలి, మజ్జిగ, వెల్లుల్లి, జీలకర్ర. జొన్న చొప్పతో చేను మధ్య చిన్న గుడిసె కట్టి, అయిదు రాళ్ళు పాండవులని పెట్టి పూజ చేస్తారు. ఆ తర్వాత ఇంటాయన ఆ తిండి అంతా కలిపి, కేకలు పెట్టుకుంటూ చేను నాలుగు దిక్కులా చల్లుతాడు. భూమి కడుపుతో ఉంది, ఆమెకు పెట్టాలని. మన సీమంతమే అనుకోండి. చేను లేనివాళ్ళను పిలుచుకుని కూర్చోబెడతారు. మా మతం వేరు కదా, మా కులం వేరు కదా అని ఆ రోజు ఎవరూ అనగా మేము వినలేదు. బీదర్ పాత ఊరు ముస్లిం మిత్రులు కూడా డబ్బాలు తీసుకుని వస్తారు. మేము ఏటా ఎవరో ఒకరి చేలో తిన్నవాళ్ళమే.

ఈ తిండిని బతికించింది ఈ అమావాస్యే అని మాకు అనిపిస్తుంది. కారణం, చేలో జొన్న నిలబడి ఉంటేనే ఈ పండగ. చొప్ప లేకపోతే గుడిసె లేదు. చేసేవాళ్ళూ, పండించేవాళ్ళూ, తినేవాళ్ళూ ఒకే చెట్టు కింద కూర్చుంటారు.

అలాంటి చేను మీదికే ఇప్పుడు వచ్చింది. మా బావమరిదికి జహీరాబాద్ అవతల నాలుగెకరాలు. మన బీదర్ జిల్లాలో లాగే అక్కడా వానాకాలం సోయా ఎక్కువైంది. సోయా కోసి సెనగ చల్లితే రెండు పంటలు. రెండూ మిషనుతో కోయచ్చు, రెండూ మార్కెట్టుకు తీసుకుపోతే ఆ రోజే కాటా. జొన్న అయితే పిట్టలకు కాపలా, కొడవలి పట్టే కూలీలు దొరకరు, కంకులు విరవాలి, నూర్చాలి. వెనక చొప్పకైనా ధర ఉండేది, ఎడ్లున్నన్నాళ్ళు. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి, చొప్ప గట్టు మీద కుళ్ళుతోంది. 2025-26లో మద్దతు ధర సోయాకు 5,328, మాల్దండి జొన్నకు 3,749. మద్దతు ధర కాగితం మీద జొన్నకూ ఉంది, కొనే కేంద్రం ఎంత దూరంలో ఉందన్నదే లెక్క.

2024 డిసెంబర్ 30న, అమావాస్య నాడు, ఆయన చేలోనే భోజనం చేస్తుండగా అన్నాడు: "బావా, గిదే ఆఖరు జొన్న. వచ్చే ఏడు ఈ ఎకరం గూడ సెనగనే. అక్క ఏమన్నా అనుకోని. ఎవడు తింటుండు జొన్నలు? మా పిలగాండ్లే తింటలేరు." మా ఇంట్లో మాట్లాడలేదు. అంబలి గ్లాసు కింద పెట్టేసింది. ఆ ఎకరంలో వేసేది వాళ్ళ అమ్మ దాచిన విత్తనమే.

దారిలో బస్సులో అడిగింది, "మన బీదర్‌ల షుగర్ ఉన్నోళ్ళు ఎంతమంది?" మొదట మాకు అర్థం కాలేదు. తర్వాత లెక్క వేస్తే, మన సంఘంలో యాభై దాటినవాళ్ళలో సగం ఇళ్ళలో రాత్రి పూట జొన్న రొట్టే. డాక్టరు చీటీ చేసిన పని ఏ సంవత్సరమూ చేయలేదు. హైదరాబాదులో సాయంత్రం పూట రోడ్డు పక్కన రొట్టెలు చేసి అమ్ముకుంటున్న ఆడవాళ్ళంతా ఆ చీటీ మీదే బతుకుతున్నారు. (ఖాదర్ వలీగారు కూడా చాలా ఇళ్ళను కదిలించారు, మన ప్రొద్దుటూరు మనిషి, 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వరసలో కొర్ర, సామ, అరిక, ఊద, అండుకొర్రలే ముందు, జొన్న తటస్థం. మా ఇంట్లో దానికి ఇంకా కోపమే.) ఆ జొన్నలు మనం ఎక్కడ కొంటున్నాం? సూపర్ మార్కెట్టులో పిండి పాకెట్, ఎక్కడిదో, ఎప్పుడు పట్టిందో తెలియదు. జొన్నపిండి పాతబడితే చేదెక్కుతుంది, రొట్టె విరిగిపోతుంది. కొత్త పిండిని వేడినీళ్ళతో పిసికితే సాగుతుంది.

సెప్టెంబర్‌లో మా ఇంట్లో తమ్ముడికి ఫోన్ చేసి, "ఈ ఒక్క ఏడు వెయ్యిరా, గింజలు అమ్మే పూచీ నాది" అని చెప్పింది. మమ్మల్ని అడగలేదు. ఆయన నసిగాడు, చివరికి వేశాడు. ఎకరం మొలిచింది, ఇప్పుడు మోకాలెత్తు దాటింది. పూచీ మాత్రం మా ఇద్దరి నెత్తి మీద ఉంది. ఇదీ అసలు సంగతి.

అందుకని మా అభిప్రాయం ఇది. హాలు వద్దు. శాలువాలు వద్దు, ఎవరికి కప్పాలో ఎలాగూ తేలదు. ఈసారి ఎళ్ళ అమావాస్య డిసెంబర్ 19, శుక్రవారం. ఆ రోజు సెలవు పెట్టగలిగినవాళ్ళు, పిల్లల్ని తీసుకుని, మా బావమరిది చేనుకు రండి. పొద్దున పది గంటలకు సంఘం ఆఫీసు దగ్గర నుంచి బస్సు మాట్లాడదాం. హాలు అద్దెలో సగం కూడా కాదు, లెక్క సెక్రెటరీగారికి పంపాం. భజ్జి, అంబలి అక్కడే. రొట్టెలు మాత్రం ముందు రోజు రాత్రి మన ఇళ్ళలో తట్టుకుని తీసుకురావాలి. మగవాళ్ళు కూడా నేర్చుకోవచ్చు, మా ఇంట్లో చూపిస్తుంది, మేము ఇప్పటికి నాలుగింటికి ఒకటి గుండ్రంగా చేయగలుగుతున్నాం.

రెండోది ముఖ్యం. ఆ ఎకరంలో వాన సరిగ్గా ఉంటే అయిదారు క్వింటాళ్ళు వస్తాయి. ఇంటికి 30 కిలోల చొప్పున ఇరవై ఇళ్ళు తీసుకుంటే చాలు, మొత్తం అయిపోతుంది. ధర క్వింటాలుకు 4,500 అనుకున్నాం, కిలో 45. మద్దతు ధర కంటే ఎక్కువే, పాకెట్ పిండి కంటే తక్కువే. అడ్వాన్సు ఇంటికి 300. మిగతాది మార్చిలో గింజ ఇంటికి వచ్చాక. వానో పురుగో వచ్చి పంట తగ్గితే ఆ లెక్కన తగ్గించి పంచుకుందాం, అడ్వాన్సు వెనక్కి అడగకూడదు. ఈ షరతు కొంతమందికి నచ్చకపోవచ్చు. కానీ నష్టమంతా చేనువాడిదే అయితే వచ్చే ఏడు ఆయన వెయ్యడు, అది మీటింగులో వివరంగా మాట్లాడదాం. రేషన్ బియ్యం మీదే నడిచే ఇళ్ళు మన సంఘంలో అయిదారున్నాయి, వాళ్ళకు పది కిలోల వంతు కూడా ఇవ్వచ్చు, అడ్వాన్సు లేకుండా.

నిన్నటికి తొమ్మిది ఇళ్ళు పేర్లిచ్చాయి. రైల్వే క్వార్టర్స్ నుంచి నాలుగు, మైలూరు వైపు నుంచి మూడు, మిగతా రెండు ఎవరో చెప్పొద్దన్నారు, వాళ్ళింట్లో పిల్లలకు చెప్పకుండా ఇచ్చారట. ఇంకా పదకొండు కావాలి. వచ్చే ఆదివారం లోపు సెక్రెటరీగారికి గానీ మాకు గానీ చెప్పండి. గింజలు చెరిగి, రాళ్ళు ఏరి ఇవ్వడం మా బావమరిది వల్ల కాదు, చేట ఎవరింట్లో వాళ్ళే వెతుక్కోవాలి. మర గురించి కూడా కనుక్కున్నాం. గోధుమ పట్టిన వెంటనే జొన్న పడితే పిండి కలిసిపోతుంది. కాబట్టి మనందరం ఒకే రోజు వెళ్తే పొద్దున్నే మర కడిగి జొన్నే ముందు పడతానని మర ఆయన ఒప్పుకున్నాడు.